ఈరమ్మవ్వ కడియం చప్పుడు

దయ్యాలు, భూతాలు అని ఎవరైనా మొదలుపెడితే "మీకేం పనీపాటా లేదా?" అని కసిరే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. నా ఒళ్ళు మండేది దయ్యాల మీద కాదు, మనుషుల మీద.

మా ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి. కర్నూలులో డయాలసిస్ చేయిస్తున్నాం. మెడ దగ్గర వేసిన గొట్టంలో రెండు దారులుంటాయి. ఒకదాంట్లో రక్తం మెషీన్‌కు పోవాలి, రెండోదాంట్లో శుభ్రమై తిరిగి రావాలి. రక్తం సరిగ్గా అందకపోతే మెషీన్ కూస్తుంది. టెక్నీషియన్ వచ్చి రెండు పైపులూ తారుమారు చేసి బిగించేవాడు. కూత ఆగేది, అతని పని అయిపోయేది. కానీ అలా మారిస్తే శుభ్రమైన రక్తమే మళ్ళీ మెషీన్‌లోకి పోతుందట, చెడు రక్తం ఒంట్లోనే మిగిలిపోతుందట. మా ఆయన వాచిన కాళ్ళతో, ఆయాసంతోనే ఇంటికొచ్చేవాడు. అడిగితే "నీళ్ళు ఎక్కువ తాగింటాడమ్మా" అని మా మీదికే తోసేవాళ్ళు. ఈ ఎండల్లో నాలుక పిడచగట్టినా గుక్క మింగడానికి భయపడే మనిషిని పట్టుకుని!

పక్క మంచం ఈరమ్మవ్వది. కోసిగి దగ్గర పల్లె. మా మెషీన్ కూసినప్పుడల్లా చేతి కడియంతో మంచం కమ్మీ మీద టకటకా కొట్టి, "కిటికీ పక్కకు తిరిగి దగ్గప్పా" అనేది. ఆయన అట్లా దగ్గితే చాలాసార్లు మెషీన్‌కు రక్తం అంది, కూత ఆగేది. ఆమెకూ పైపులు మార్చే నెట్టుకొచ్చారు. ఆయాసంతోనే పోయింది.

ఆమె పోయిన తర్వాతి వారం, పట్టపగలు, మెషీన్ కూసింది. ఆయన కిటికీ వైపు తిరిగి దగ్గినా ఆగలేదు. టెక్నీషియన్ పైపుల మీద చెయ్యి వేశాడో లేదో, టకటకా కడియం చప్పుడు. అతనూ నేనూ ఒకేసారి పక్కకు చూశాం. పరుపు చుట్టేసిన ఖాళీ మంచం.

కళ్ళు మూసుకున్న మా ఆయన "సరేలే అవ్వా" అంటూ వాకిలి వైపు తిరిగి దగ్గాడు. కూత ఆగింది.

"ఎవరితో మాట్లాడతాండావు?" అన్నాను.

"అవ్వతో. ఇంక కిటికీ పక్కకు గాదంట, ఈ పక్కకు తిరగమంటాండాది. లోపల గొట్టం జరిగిండాదంట."

ఒళ్ళు జలదరించింది. ఆ వెంటనే మండింది. "ఎక్స్‌రే తీసి చూస్తారా లేదా? చూసేదాకా ఈడ నుంచి కదిలేది లేదు" అని వార్డంతా అదిరేలా అరిచాను. తీశారు. గొట్టం నిజంగానే జరిగింది. దాని కొస రక్తనాళం గోడకు ఆనుకుపోయి ఉంది. కొత్తది వేశారు. ఇప్పుడు మా ఆయనకు వాపు దిగింది, వెల్లకిలా పడుకుని నిద్రపోగలుగుతున్నాడు.

ఆ చప్పుడేమిటో నాకు తెలియదు. ఎక్స్‌రే తీయకముందే గొట్టం జరిగిందన్న మాట మా ఆయన నోటికెలా వచ్చిందో అదీ తెలియదు.

బతికున్నవాళ్ళు చేయాల్సిన పనికి చచ్చిన మనిషి లేచి రావాలా, థూ! సరే, మా ఆయన కోసం ఆమె వచ్చిందనే అనుకుందాం. ఆమె ఊపిరాడక కొట్టుకుంటుంటే ఆమె కోసం ఎవరొచ్చారు?