నరసింహంగారి బిల్డింగు చరిత్ర

చిలకలూరిపేటలో లక్ష్మీనరసింహంగారి హోటల్లో ఇడ్లీ తినాలంటే ముందు ఆ బిల్డింగు చరిత్ర వినాలి. రోడ్డు వైపు గది ఆదెయ్య సెలూను, వెనక గది ఆయన హోటలు. క్షవరానికి వచ్చినవాడు అటు మెడ వంచగానే ఇటునుంచి చరిత్ర మొదలయ్యేది.

ఎవరొచ్చినా వాళ్ల తాతో తండ్రో అందులో ఉండి తీరాలి. పత్తి తెచ్చిన దర్శి రైతుకి, వాళ్ల తాత ఈ బల్ల మీదే మీసం దువ్వుకుంటూ పెళ్లికి ఒప్పుకున్నాడని చెప్పేవారు. లారీ డ్రైవరు మాబుకి, వాళ్ల నాన్న పెసరట్టు కోసం బండెద్దుల్ని నడిరోడ్డున ఆపేశాడని చెప్పేవారు. ఇంతమంది పెద్దలు కూర్చుంటే బల్లలెప్పుడో విరగాలి కదా అని ఆదెయ్య కత్తి నూరుకుంటూ గొణిగేవాడు.

జిన్నింగు మిల్లులో పనిచేసే ఇమ్మానియేలు మాత్రం నవ్వేవాడు కాదు. అతను తల్లి కడుపులో ఉండగానే తండ్రి పోయాడు. ఫొటో కూడా లేదు. అమ్మనడిగితే ఏడ్చేది గానీ చెప్పేది కాదు. నాన్నంటే అతనికి నరసింహంగారు చెప్పిందే: కిటికీ పక్కన కూర్చునేవాడు, చట్నీ మళ్ళీ అడగడానికి మొహమాటపడేవాడు. అందుకే షిఫ్టు దిగగానే ఆ కిటికీ దగ్గరికే వచ్చేవాడు. అక్కడ కూర్చుంటే నాన్న మీద బెంగ కాస్త తీరేది.

ఇంతలో ఆ బిల్డింగు అద్దెకిచ్చిన ఆసామి దాన్ని పడగొట్టి లాడ్జి కడతానన్నాడు. ఇమ్మానియేలుకి అన్నం సహించలేదు. నాన్న ఉన్న చోటు ఈ లోకంలో అదొక్కటే.

ఆఖరి రోజు కూలీలు ముందుగోడ గీకితే సున్నం పొరల కింద సిమెంటు అంకెలు బయటపడ్డాయి: 1961. ఏటా నరసింహంగారు స్వయంగా నిచ్చెనెక్కి దట్టంగా సున్నం కొట్టేది అక్కడే. తాతలంతా బిల్డింగు కంటే ముందే వచ్చి కూర్చున్నారన్నమాట అని ఆదెయ్య పడీపడీ నవ్వాడు. సంగతి తెలిసిన ముసలివాళ్లు కూడా తమ నాన్నల మాట వినాలనే ఇన్నాళ్లూ నోరు మెదపలేదేమో.

ఆ ఏటికి ఇమ్మానియేలుకే మూడేళ్లు. నాన్న ఈ గడప తొక్కనే లేదు. అతను నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"మొదట నీకే చెప్పానురా," అన్నారు నరసింహంగారు, తల ఎత్తకుండా. "మిల్లులో చేరిన కొత్తలో ఒక్కడివే ఆ కిటికీ దగ్గర కూర్చునేవాడివి. నీ ఒక్కడికే చెబితే జాలిపడ్డాననుకుంటావని, వచ్చినవాడికల్లా చెప్పుకుంటూ పోయాను."

ఇమ్మానియేలు కాఫీ అందుకుని వెళ్లి ఆ కిటికీ పక్కనే కూర్చున్నాడు.

"బాబాయిగారూ, మా నాన్న ఇంకా ఏం చేసేవాడండీ?"

నరసింహంగారు అతన్ని ఎగాదిగా చూశారు. "కాఫీ సాసర్లో పోసుకుని తాగేవాడు. సగం చొక్కా మీదే."

"అచ్చం నాలాగే," అంటూ ఇమ్మానియేలు చొక్కా తుడుచుకున్నాడు.