అమ్మ కనబడేదాకా వెనక్కి

నా చిన్నప్పుడు మా రేపల్లెలో పెద్దవాళ్ళు నన్ను పలకరించే తీరు ఒకటే. "ఏమ్మా, అమ్మ గుర్తుందా?" అనేవాళ్ళు. మా వీధిలోవాళ్ళు, చర్చిలో పక్కన కూర్చున్న ఆడవాళ్ళు, బడికి కొత్తగా వచ్చిన టీచరమ్మ, అందరిదీ అదే ప్రశ్న. "గుర్తుందండి" అనేదాన్ని. వెంటనే వాళ్ళ కళ్ళలో నీళ్ళు తిరిగేవి. నా తల నిమిరి, ఇంట్లో ఏముంటే అది తెచ్చి చేతిలో పెట్టేవాళ్ళు. అలా నేను తిన్న బెల్లమ్ముక్కలకీ చెక్కలకీ లెక్కలేదు.

నిజానికి నాకు గుర్తులేదు. అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్ళు. తడి జుట్టు వాసన ఒకటి, ఎవరో ఎత్తుకుంటే నా చెంపకి తగిలిన మెడ మీది చెమట ఒకటి, అంతవరకే నా దగ్గర ఉన్నాయి. ముఖం లేదు. రాత్రి పడుకునేముందు కళ్ళు గట్టిగా మూసుకుని వెతికేదాన్ని, ఎంత వెతికినా దొరికేది కాదు. కన్నతల్లి ముఖం మరిచిపోయిన పిల్ల లోకంలో నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. ఆ సంగతి ఎవరికైనా తెలిస్తే ఏమవుతుందోనని హడలిపోతూ ఉండేదాన్ని.

ఇంట్లో ఫొటో ఉంటే ఈ బాధ ఉండేది కాదు. అమ్మానాన్నల పెళ్ళిఫొటో ఒకటి ఉండేది గానీ, ఒక వానాకాలం గోడ చెమ్మెక్కి అది అద్దానికి అతుక్కుపోయింది. నాన్న దాన్ని తడిపి మెల్లిగా ఊడదీద్దామని చూశారు. నాన్న ముఖం కాగితంతోపాటు వచ్చింది. అమ్మ ముఖం పొరలు పొరలుగా అద్దం మీదే ఉండిపోయింది. అది తీసిన స్టూడియో ఎప్పుడో మూసేశారు. నాన్న ఆ అద్దాన్ని గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టారు. మా నాన్న బళ్ళో రోజంతా పిల్లలతో మాట్లాడే మాస్టారు. ఇంటికొచ్చి అమ్మ గురించి ఒక్క మాట మాట్లాడేవారు కాదు.

మిగిలింది ఒకే ఒక్క ఫొటో. అమ్మా నాన్నా బాపట్లలో టీచర్ ట్రైనింగ్ చదివిన రోజుల్లో ఆడపిల్లలంతా కలిసి తీయించుకున్న గ్రూపు ఫొటో. అందులో అమ్మ వెనక వరసలో చివర ఉందని నాన్న వేలు పెట్టి చూపించారు. కందిగింజంత ముఖం. అది తీసినాయన తెనాలిలో స్టూడియో నడుపుతున్నారని తెలిసి నాన్న కార్డు రాశారు. ఆయన ప్రతి ఫిల్మునీ కవర్లో పెట్టి, పైన ఊరి పేరు రాసి దాచే మనిషి. ఫిల్ము భద్రంగా ఉంది, అమ్మాయిగారి ముఖం ఒక్కటీ పెద్దది చేసి ఉంచుతాను, దసరా సెలవుల్లో రండి అని జవాబు వచ్చింది.

అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. నాయనమ్మ, నాన్న, నేను పొద్దున బండెక్కి తెనాలి బయల్దేరాం. మామూలుగా రైలంటే ప్రాణం నాకు. ఆ రోజు మాత్రం భట్టిప్రోలు దాటాక, ఈ బండి ఇక్కడే ఆగిపోతే బాగుండుననిపించింది. తెనాలిలో నాకు అమ్మని చూపిస్తారు, నేను గుర్తుపట్టాలి. పట్టలేకపోతే నా గుట్టు బయటపడుతుంది. చూడగానే "అమ్మా" అని ఎలా అనాలో కిటికీ వైపు తిరిగి లోలోపల సాధన చేసుకున్నాను.

స్టూడియో ఒక మేడ మీద ఉండేది. మెట్లూ పూలకుండీలూ రంగుల్లో గీసిన పెద్ద తెర ఒక గోడ నిండా వేలాడుతోంది. ఫొటో తీసే ఆయనకి యాభై దాటి ఉంటాయి. బక్కపలచని మనిషి, వేలి కొసలన్నీ మందునీళ్ళకి గోధుమరంగు తిరిగి ఉన్నాయి. నేను తాతయ్యగారూ అని పిలిచాను. ఆయన మమ్మల్ని బల్ల మీద కూర్చోబెట్టి, పెద్ద అట్టకి అంటించిన బొమ్మని తెచ్చి, పైన కప్పిన పల్చటి కాగితం ఎత్తారు.

ఎంత అందంగా ఉందో ఆవిడ! నున్నటి బుగ్గలు, కాటుక దిద్దినట్టున్న పెద్ద కళ్ళు, సరిగ్గా గీసిన పెదవులు, నుదుటి మధ్య గుండ్రటి బొట్టు. నాయనమ్మ మొదట చూసింది ఆ బొట్టునే.

"ఇదేంటయ్యా, మా కోడలికి బొట్టు పెట్టావు? మేం చర్చికెళ్ళేవాళ్ళం గదా!"

ఆయన నాలిక కరుచుకున్నారు. "అయ్యయ్యో, చెయ్యి అలవాటున పోయిందండి అమ్మా. పోయిన ముత్తైదువ ఫొటో అనగానే ముందు బొట్టు దిద్దడం అలవాటైపోయింది" అని గబగబా తడిదూది తెచ్చి తుడిచారు. బొట్టు పోయింది గానీ బూడిదరంగు మరక మిగిలింది. సన్న కుంచెతో దాని మీద నాలుగు చుక్కలు పెట్టి కప్పేశారు. నాయనమ్మ శాంతించి, "ఇప్పుడు బాగుంది, రాణిలా ఉంది" అంది. నాన్న ఆ బొమ్మని చూసి, మర్యాదగా తలాడించి, కిటికీ వైపు చూపు తిప్పుకున్నారు.

తర్వాత అందరూ నా వైపు చూశారు. "ఎవరే?" అంది నాయనమ్మ. నాకు ఆవిడ ఎవరో బొత్తిగా తెలియదు. ఒక్క గీత కూడా నాలో దేన్నీ కదిలించలేదు. అయినా సాధన చేసింది చేసినట్టే అప్పజెప్పాను. "అమ్మ" అన్నాను. నాయనమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

తాతయ్యగారు మాత్రం కళ్ళొత్తుకోలేదు. నా ముఖాన్ని పరీక్షగా చూశారు. "మాస్టారూ, బొట్టు చెరిపినచోట మరక పడింది. ఇంకో కాయితం వేస్తాను. పాపని లోపలికి తీసుకెళ్తానండి, సరదాగా చూస్తుంది" అన్నారు. నాన్న సరేనన్నారు.

లోపలి గది చీకటిగా, చింతపండు నానబెట్టినట్టు పుల్లటి వాసనతో ఉంది. ఒక ఎర్ర దీపం మాత్రం వెలుగుతోంది. తలుపు బిగించాక ఆయన గొంతు తగ్గించి అడిగారు. "ఆవిడ మీ అమ్మలా అనిపించలేదు కదమ్మా?"

అంతే, నేను బావురుమన్నాను. ముఖం మరిచిపోయానని, అందరికీ అబద్ధం చెబుతున్నానని, నాన్నతో చెప్పొద్దని, ఎక్కిళ్ళ మధ్య ఏదేదో అన్నాను. అన్నేళ్ళలో మొదటిసారి ఒక మనిషికి చెప్పుకున్నాను ఆ మాట, అదీ ముఖం సరిగా కనబడని చీకట్లో. ఆయన నన్ను ఏడుపు ఆపమనలేదు. పనిచేసుకుంటూనే మాట్లాడారు.

"గుర్తుపట్టకపోవడం నీ తప్పు కాదు తల్లీ. ఆ కళ్ళు నేను గీసినవి. ఫిల్ములో అక్కడ రెండు నీడలే ఉన్నాయి. ఆ రోజు పెద్ద కెమెరా స్టాండు విరిగింది, చేతి కెమెరాతో తీశాను. చిన్న ఫిల్ము, అందులో మీ అమ్మ ఇంత. పెద్దది చేస్తే అంతా చుక్కలే. అలా ఇస్తే జనం ఒప్పుకోరని కుంచెతో దిద్ది టచింగ్ చేశాను."

"మరి ఎవరి కళ్ళండీ అవి?" అన్నాను.

"ఎవరివో అయితే బాగానే ఉండును. నా చేతికొచ్చిన కళ్ళమ్మా. అందరికీ అవే పెడతాను" అన్నారు, నవ్వినట్టే ఉంది గాని గొంతులో సిగ్గు వినబడింది.

తెల్లకాగితం మీద ఫిల్ము గుండా దీపం వెలుతురు పడనిచ్చి, దాన్ని మందునీళ్ళ పళ్ళెంలో వేసి అటూ ఇటూ ఊపారు. మెల్లిగా మచ్చలు తేలాయి. ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూశాను. బొంబాయిరవ్వ పారబోసినట్టు అంతా నల్లటి, బూడిదరంగు పలుకులు. అందులో ముఖమన్నదే లేదు. ఆయన దాన్ని ఇంకో రెండు పళ్ళాల్లో ముంచి, కడిగి, నీళ్ళు కారుతుండగానే ముందు గదిలోకి తెచ్చి గోడకున్న తీగకి తగిలించారు.

"ఈ పలుకుల్ని మేం గ్రెయిన్ అంటాం. ఆ రోజు మీ అమ్మ ముఖం మీద పడ్డ ఎండే వచ్చి ఆ ఫిల్ము మీద పడింది. ఎంత పడిందో అంతే ఉంది ఇక్కడ. మిగతాది నేను పెడితే నాదవుతుంది గానీ మీ అమ్మది కాదు. నువ్వు దీన్నే చూస్తూ వెనక్కి నడువు. అమ్మ కనబడితే ఆగు."

నేను వెనక్కి అడుగులు వేశాను. రవ్వ రవ్వలాగే ఉంది. ఇంకో రెండడుగులు. నా వీపు ఆ పూలకుండీల తెరకి తగిలేసరికి పలుకులన్నీ దగ్గరకొచ్చి ఒక మనిషి నిలబడింది. తల కొంచెం ఎడమవైపు ఒరిగి ఉంది. గాలికి కళ్ళు చిట్లించుకుంది. ఒక చేత్తో కొంగుని గొంతు దగ్గర అదిమి పట్టుకుంది. ఏదో అనబోతున్నట్టు నోరు కాస్త తెరుచుకుంది. ఆవిడని గుర్తుపట్టానని ఇప్పుడు కూడా అబద్ధం చెప్పను. గుర్తు రాలేదు. కాని ఎవరూ గీయని మనిషి, ఒకనాడు నిజంగా గాలిలో నిలబడిన మనిషి నా ఎదురుగా ఉందని తెలిసింది. "వచ్చిందా?" అన్నారు తాతయ్యగారు. "వచ్చిందండి" అన్నాను. అమ్మ గురించి నేను చెప్పిన మొదటి నిజం అదే.

నాయనమ్మకి అది నచ్చలేదు. "మశూచికం పోసినట్టుంది, గోడకెలా పెడతాం?" అని టచింగ్ చేసిన బొమ్మనే మా ఇంటి ముందు గదికి తీసుకుంది. ఆరిన రవ్వ బొమ్మని తాతయ్యగారు నల్లకాగితంలో చుట్టి నా చేతికిచ్చారు.

సాయంత్రం తిరుగు బండిలో నాయనమ్మ కునికిపాట్లు పడుతుండగా నాన్న నా చేతిలోది అడిగారు. ఒళ్ళో పెట్టుకుని చూసి ఏమీ తోచక, చెయ్యి బారజాపి దూరంగా పట్టుకున్నారు. సీటులో ఇంకాస్త వెనక్కి వాలారు. ఆ తర్వాత మా నాన్న మాట్లాడారు.

"ఆ రోజు బాపట్లలో ఒకటే సముద్రపు గాలి. కొంగు నిలవట్లేదని మీ అమ్మ అందరి మీదా విసుక్కుంది. ఆయన 'కాస్త నవ్వండమ్మా' అంటే, 'ముందు గాలిని ఆగమనండి' అంది. నేను చెట్టు పక్కన నిలబడి చూస్తున్నాను. అప్పటికి ఇంకా పరిచయం లేదు."

రేపల్లె వచ్చేదాకా ఆయన చెబుతూనే ఉన్నారు. అమ్మకి లెక్కలంటే ఇష్టమట. పాట అందుకుంటే చర్చిలో అందరికంటే ఒక అక్షరం ముందుండేదట. కోపం వస్తే కూర వండేది కాదట, చారు మాత్రం పెట్టేదట. ఆ కుంచెతో దిద్దిన రాణిని చూసి నోరు మెదపని మనిషి, ఈ చుక్కల్ని చూసి ఇంత మాట్లాడారేమిటా అని నాకు ఆశ్చర్యం. పెద్దయ్యాక అర్థమైంది. అక్కడ పూర్తిచేయడానికి ఇంకా ఏదో మిగిలి ఉంది, దాన్ని పూర్తిచేయగలిగినవాళ్ళలో నాన్న ఒకరు.

తర్వాత నేను తెనాలిలోనే కాలేజీ చదివాను. స్నేహితురాళ్ళ ఇళ్ళకి వెళితే గోడ మీద వాళ్ళ నాయనమ్మలూ మేనత్తలూ మా ముందు గదిలోని రాణి కళ్ళతోనే నన్ను చూసేవాళ్ళు. నాకు నవ్వాగేది కాదు, ఎందుకో చెప్పలేకపోయేదాన్ని. తాతయ్యగారు అప్పటికే పోయారు.

ఉద్యోగం చేసి, రిటైరై, ఇప్పుడు బాపట్లలో ఉంటున్నాను. మొన్న మా మనవరాలు నా పెట్టె సర్దుతూ ఆ బొమ్మ చూసింది. ఫోన్‌తో దాన్ని ఫొటో తీసి, ఏదో నొక్కింది. నేను కాఫీ గ్లాసు కింద పెట్టేలోపే రవ్వంతా పోయి, ఇస్త్రీ చేసినట్టున్న ముఖంతో ఒక అమ్మాయి స్క్రీన్ మీద నిలబడింది. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. తల ఒరగలేదు, కళ్ళు చిట్లించలేదు. అసలు అక్కడ గాలే లేదు. "చూడు అమ్మమ్మా, మీ అమ్మని ఎంత బాగా చేశానో!" అంది పిల్ల, మురిసిపోతూ. నాకు ఫోన్ల మీద కోపమేం లేదు. దూరాన ఉన్నవాళ్ళ ముఖాలు రోజూ చూసుకునేది వాటిలోనే కదా. కాని ఆ అమ్మాయిని చూస్తే నా తొమ్మిదేళ్ళప్పటి భయం మళ్ళీ వచ్చింది.

"నచ్చలేదా?" అంది. "నచ్చలేదమ్మా, అది నీ ఫోను గీసిన మనిషి" అన్నాను. పిల్ల ఫోను పక్కన పెట్టి, మెల్లిగా అడిగింది. "అమ్మమ్మా, నీకు మీ అమ్మ గుర్తుందా?"

"ముఖం గుర్తులేదు తల్లీ" అన్నాను. ఏ తడబాటూ లేకుండా అనగలిగాను. తెనాలిలో ఆ చీకటిగదిలో ఒక మనిషి నా మీది బరువు దించి పెట్టారు. లేనిదాన్ని ఉన్నట్టు దిద్దుకోవాల్సిన పని లేదని, మిగిలింది పలుకులే అయినా అవి నావేనని ఆయన వల్ల తెలుసుకున్నాను. అరవై దాటినా అమ్మ కావాలనే ఉంటుంది నాకు. దిద్దిన అమ్మ మాత్రం వద్దు.

ఈ మధ్య నాకు శుక్లాలు వచ్చి చూపు మసకబారింది. ఇప్పుడు వెనక్కి నడవక్కర్లేదు. కళ్ళజోడు తీసి ఆ బొమ్మని ఒళ్ళో పెట్టుకుంటే చాలు, రవ్వ కరిగిపోయి, ఇంత దగ్గరగా, కొంగు అదిమి పట్టుకుని అమ్మ నిలబడుతుంది. ఆపరేషన్‌కి రమ్మని కంటి డాక్టరుగారు రెండుసార్లు కబురు పెట్టారు. వెళ్ళాలి. ఇంకో నాలుగు రోజులు పోనిద్దామని ఉంది.