పిల్ల పయ్యల కింద నిమ్మకాయలు

నిన్న మా పాపకు తెప్పించిన సైకిలు డబ్బా కోయగానే కొత్త రబ్బరు, గ్రీజు, అట్ట కలగలిసిన వాసన గుప్పుమంది. పొయ్యి మీద పాలున్న సంగతి మరిచిపోయి అక్కడే కూర్చుండిపోయాను. పాలు పొంగిపోయాయి, పోనీ. అది నిజామాబాదులో మా బాపు దుకాణం వాసన.

బాపు, అంటే మా నాన్న, పిల్లల సైకిళ్ళు టోకున అమ్మేవాడు. విడిభాగాలుగా లారీలోంచి దిగేవి; పక్కల బిగించే చిన్న చక్రాలు వేరే గోనెసంచుల్లో వచ్చేవి. చక్రాన్ని మా దగ్గర పయ్య అంటారు కాబట్టి అవి పిల్ల పయ్యలు. బోధన్, రెంజల్, బాల్కొండ దుకాణాలవాళ్ళు దసరా ముందొకసారి, చెరుకు కోతలప్పుడొకసారి వచ్చి, చాయ్ మీద చాయ్ తాగుతూ, బాపుకు రాదనుకుని మరాఠీలో గుసగుసలాడుకుంటూ, బేరం తెగ్గొట్టి సరుకు ఎత్తుకుపోయేవారు. వాళ్ళతోపాటు సరుకుబండి ఎక్కి బోధన్ దాకా పోయిన రోజుల్లో దారి పొడుగునా చెరుకు బండ్లు, వాటి వెనక గడలు లాక్కుంటూ పరుగెత్తే పిల్లలు, గాలి నిండా పాకం వాసన. ఊరూరి పిల్లలకూ మా ఇంటి సైకిళ్ళే. నాకు మాత్రం ఒక్కటీ లేదు. ఇంటిపిల్ల తొక్కితే సరుకు పాతబడిపోతుందట!

అలిగీ, అన్నం మానీ, చివరికి ఒక దసరాకు రంగు గీసుకుపోయిన ఎర్ర సైకిలొకటి సాధించాను. బాపు స్వయంగా బిగించాడు. పిల్ల పయ్యలను ఎప్పటిలాగే నేలకు కాస్త ఎత్తుగా పెట్టాడు. అవి నేలకు ఆనితే పిల్లలు వాటి మీదే ఒరిగిపోతారని, తొక్కడం ఎన్నటికీ రాదని ఆయన పట్టు.

ఆయుధపూజ మా బాపమ్మ చేసింది. బాపమ్మ అంటే బాపు తల్లి. ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు. పసుపు, కుంకుమ, బంతిపూలు అయ్యాక నాలుగు పయ్యల ముందూ నాలుగు నిమ్మకాయలు పెట్టింది. బాపు సైకిలు ముందుకు తోశాడు. పెద్ద పయ్యల కిందివి చితికాయి. ఎత్తున ఉన్న పిల్ల పయ్యలు మాత్రం నిమ్మకాయలను పక్కకు దొర్లించి ఊరుకున్నాయి.

బాపమ్మ మొహం మాడిపోయింది. "రెండు చితుకలే. గండం ఉన్నదిరా. పిల్లను ఎక్కనియ్య."

"అవి నేలకు ఆనయే అవ్వా, ఎట్ల చితుకుతయి?" అన్నాడు బాపు.

"అయితే ఆనేటట్టు దించు."

"దించితే దానికి తొక్కుడు రాదు."

తల్లికి తగ్గ కొడుకు. ఇద్దరిలో ఎవరూ తగ్గరని, సైకిలు మళ్ళీ దుకాణానికే పోతుందని నాకు తెలిసిపోయింది. హ్యాండిలు పట్టుకుని వాకిట్లో నిలబడి వెక్కివెక్కి ఏడ్చాను. వాడకట్టు పిల్లలంతా చూస్తున్నారు.

బాపు లోపలికి పోయి పానా తెచ్చి పిల్ల పయ్యలు రెండూ విప్పేశాడు. "ఇగ ఉన్నయి రెండే పయ్యలు. రెండు నిమ్మకాయలూ చితికినయి. ఇప్పుడు చెప్పు."

నేనా, జన్మలో సైకిలెక్కి ఎరగను. బాపు నన్నెక్కించి సీటు పట్టుకోబోతే బాపమ్మ ఆయన చెయ్యి విదిలించి కొట్టింది. "నువ్వు జరుగు. నిన్ను నమ్మ. నేనే పట్టుకుంట." కొంగు నడుముకు దోపి, సీటు పట్టి, నా వెనక పరుగు మొదలుపెట్టింది. ఆమె ఆయాసం నా వీపుకు తగులుతోంది. సందు మలుపు దగ్గర అది తగలడం మానింది. కాళ్ళు నేలకానించి తిరిగి చూశాను.

బాపమ్మ రోడ్డు మీద కూలబడి ఉంది. మోచెయ్యి చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది. బాపు పరుగెత్తుకొస్తున్నాడు. ఆమె మాత్రం నన్నే చూస్తూ నవ్వుతోంది.

"గండం నాకొచ్చి పోయింది బిడ్డా. ఇగ భయం లేదు. తొక్కు."

సీటు తానే వదిలిందో, పడుతుంటే జారిందో ఎన్నడూ చెప్పలేదు.

ఇప్పుడు మా దుకాణంలో ఎవరో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. బోధన్ దారిలో చెరుకు బండ్లు లేవు. బాపమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఈ సాయంత్రం పాపను ఎక్కించి వెనక పరుగెత్తాను. "వదులమ్మా, నాకొచ్చింది" అని అది అరుస్తూనే ఉంది. వదలడానికి నాకు చెయ్యి రాలేదు. బాపమ్మలా పడటం నాకు చేతకాలేదు.