నక్షత్రం గుర్తున్న తేనె

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది మస్కట్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో దుబాసీగా చేరాను. నన్ను తీసుకున్నది రష్యన్ కోసం. రోజూ పనికొచ్చింది మా నిజామాబాద్ తెలుగు. దుబాసీకి సొంత గొంతు ఉండకూడదు. డాక్టరు అడిగిందే అడగాలి, జవాబును ఎదుటివాళ్ల నోట్లో పెట్టకూడదు.

ఒకరోజు మబేలా నుంచి బల్గేరియా అమ్మమ్మ ఒకావిడ ఐదు నెలల మనవణ్ణి ఎత్తుకొచ్చింది. బిడ్డ తల్లి మా ఆసుపత్రిలోనే ఆపరేషన్ అయి మత్తులో ఉంది. తండ్రి ఎక్కడో దూరాన తను పనిచేసే దుకుమ్ సైట్ నుంచి బయలుదేరాడు. బిడ్డకు మెడ నిలవడం లేదు, రెప్పలు వాలిపోతున్నాయి, ఊపిరి సన్నగిల్లుతోంది. హైదరాబాదు నుంచి వచ్చిన మా పిల్లల డాక్టరు మెదడు జ్వరమేమోనని వెన్నులోంచి నీరు తీసే సూదికి సిద్ధం చేయిస్తూ, ఏం పెట్టారో అడగమన్నారు. అమ్మమ్మకు రష్యన్ అరకొర, నాకు బల్గేరియన్ సున్నా. "పాలే, ఇంకేమీ లేదు" అంది.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. పసిపిల్లల నాలుకకు తేనె రాసి, ఎవరడిగినా పాలే అనేది. మా ఇంట్లో తేనె తిండి లెక్కలోకి రాదు.

"సార్, తేనె సంగతి అడగనా?"

"మీ తరఫున ఏం అడగొద్దు మేడమ్, రూల్ తెల్సు గదా" అన్నవారే, బిడ్డ రెప్పలు మరోసారి చూసి, "సరే, అడుగుండ్రి. జల్దీ!" అన్నారు.

బల్గేరియన్‌లో తేనెను ఏమంటారో నేను చదవలేదు. కానీ కాలేజీలో మా రష్యన్ మాస్టారు రష్యన్, బల్గేరియన్ లాంటి స్లావిక్ భాషలన్నిటికీ తల్లి అయిన భాషలోని మాటలు బట్టీ పట్టించేవారు. వాటిని ఎవరూ రాసిపెట్టలేదు. నేటి భాషలను పోల్చి పండితులు ఊహించి కట్టారు, అందుకే ముందు నక్షత్రం గుర్తు. అందులో ఒకటి 'మెదు', తేనె. మన మధువుకు చుట్టం. రష్యన్‌లో మ్యోద్, చెక్‌లోనూ సెర్బియన్‌లోనూ మెద్. వాళ్లు ఎలుగుబంటికి పెట్టుకున్న పేరుకూ 'తేనె తినేది' అనే అర్థం. ఇవి కూడు పెడతాయా గుడ్డ పెడతాయా అని మాస్టారి వెనక నవ్వుకునేవాళ్లం.

"మెద్?" అన్నాను.

ఆమె మొహం వెలిగింది. బర్కా తోటలో కొన్న మంచి తేనె అని, పాలపీకను రోజూ అందులో ముంచి ఇస్తున్నానని సైగలతో, వచ్చిన నాలుగు రష్యన్ ముక్కలతో చెప్పింది. అది దీవెన అట. పొల్లు పోకుండా డాక్టరుకు చెప్పాను.

తేనెలో ఉండే ఒక క్రిమి ఏడాది నిండని పిల్లల పేగుల్లో పెరిగి, కండరాలను చచ్చుబరిచే విషం చేయగలదని ఆయన వివరించారు. సూది ఆపించి, బిడ్డను ఊపిరి యంత్రం మీద పెట్టి, పరీక్షల కోసం ఆగకుండా విరుగుడు మందు తెప్పించారు. కొన్ని వారాలకు వాడు సొంత ఊపిరితో, గట్టిగా ఏడుస్తూ ఇంటికెళ్లాడు.

రూలు సడలించిన ఆ డాక్టరుకు, భయపడి దాచని ఆ అమ్మమ్మకు, మేం నవ్వుకున్న ఆ మాస్టారికి నేను రుణపడ్డాను.

ఆమె అబద్ధం చెప్పలేదు. మా ప్రశ్నలోనే తేనెకు చోటు లేదు. అప్పటినుంచి రిటైరయ్యేదాకా, డాక్టరు అనుమతితోనే, మన తల్లులను ఇంకో ప్రశ్న అడిగేదాన్ని: "పాలు గాక నాలికెకు ఏమన్న రాసిన్రా, అమ్మా?"

చాలామంది నవ్వేవాళ్లు. "తేనె గదా మేడమ్, గదేం తిండి?"