పనిలో ఉండి చూసిన గ్రామసభ

మా వదిన పంచాయతీ లైబ్రరీలో పనిచేస్తుంది. నేను బలసముద్రం దగ్గర సోలార్ ప్లాంటులో ప్యానెళ్లు కడుగుతాను. గ్రామసభ ఎప్పుడూ పగటిపూటే పెడతారు కాబట్టి, పనికి పోయే ఆడవాళ్లం ఎన్నడూ వెళ్లలేదు. మా వీధి కుళాయికి నీళ్లు రాని సంగతి మగవాళ్లు చెప్తారులే అనుకునేవాళ్లం. వాళ్లు చెప్పేవాళ్లు కాదు.

"మీరు రాలేకపోతే సభనే మీ కాడికి పంపిస్తా," అన్నది వదిన ఒకరోజు.

లైబ్రరీలో మూలన పడి ఉన్న పాత కంప్యూటర్‌ను ఆమె సర్వర్‌గా మార్చింది. ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిస్తే కెమెరా చూసేదంతా ఆ సర్వర్‌కు పోవాలి, అక్కడి నుంచి మా ఫోన్లకు రావాలి. అందరూ వాడే యాప్‌లోనే పెట్టొచ్చు కదా అని అడిగాను.

"ఆ యాప్‌లో అయితే ఎవరెవరో చూస్తారు. ఆడోళ్లు నోరు విప్పరు. ఇది మనదే, లింకు ఉండేవాళ్లకే కనపడ్తాది."

మూడు ఆదివారాలు ఆమె పక్కన కూర్చున్నాను. సర్వర్ నడుస్తోంది కానీ బ్రౌజర్ కెమెరాను తెరవనివ్వడం లేదు. వదిన ల్యాప్‌టాప్ కూడా మార్చి చూసింది. చివరికి తెలిసింది, భద్రత లేని పేజీకి బ్రౌజర్ కెమెరా ఇవ్వదట. పేజీ భద్రమైనదని చూపే డిజిటల్ సర్టిఫికెట్ పెట్టాక తెర మీద వదిన ముఖం కనిపించింది. ఆమె నవ్వలేదు. "శబ్దం వెనకబడ్తా ఉండాది," అని మళ్లీ పనిలో పడింది. వదిన చదివింది పీయూసీ, అంటే పన్నెండో తరగతి వరకే. ఇదంతా చెడగొట్టి, మళ్లీ చేసి, సొంతంగా నేర్చుకున్నదే. మధ్యలో పలకరిస్తే మాత్రం కసురుకునేది.

సభ రోజు భోజనం వేళ ప్యానెళ్ల నీడలో ఏడుగురం ఒక్క ఫోన్ చుట్టూ చేరాం. పంచాయతీ అధ్యక్షుడు మాట్లాడుతున్నాడు. మాలో పెద్దామె చెప్తుంటే పేజీ కింద ప్రశ్నలు రాసే చోట నేను టైప్ చేశాను: "మా వీధికి నీళ్లు ఎందుకు రావడం లేదు?" సభలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న వదిన లేచి, పనికి పోయిన ఆడవాళ్ల ప్రశ్న అని చెప్పి, దాన్ని చదివింది.

"వాళ్లు యాడుండారు?" అన్నాడు అధ్యక్షుడు.

"ప్లాంటులో ఉండారు సార్. మిమ్మల్నే చూస్తా ఉండారు."

ఆయన చొక్కా సర్దుకుని, కెమెరా వైపు తిరిగి మాకే జవాబు చెప్పాడు. వాల్వు పాడైందట, వారంలో మార్పిస్తానన్నాడు. పెద్దామె ఫోన్‌కే నమస్కారం పెట్టింది.

పది రోజులు పట్టింది కానీ నీళ్లు వచ్చాయి. సంగతి విని, మాతో పనిచేసే క్యాతగానచెర్లు ఆడవాళ్లు తమ ఊరికీ అలాంటిది కావాలన్నారు.

"నేను చేసి పెట్టను. మీరే చేసుకోండి, పక్కన కూర్చుంటా," అన్నది వదిన.

మరుసటి ఆదివారం వాళ్లలో ఇద్దరు లైబ్రరీకి వచ్చారు.