ఎండిన బావిలో గూబల కాపురం

మా జిల్లా గురించి రాసేవాళ్లు మొదటి వాక్యంలోనే దాన్ని ఎడారి చేసేస్తారు. జీవవైవిధ్యం అనగానే వాళ్లకు జోరువానల అడవులే గుర్తుకొస్తాయి. వాళ్లను ఒక్కసారి కదిరి దగ్గర మా చిన్నాయన చేనికి తీసుకుపోయి, ఎండిపోయిన దిగుడుబావి గట్టున నిలబెట్టాలని నాకు కోరిక.

తొంభైల చివర్లో ఊరంతా బోర్లు వేసుకున్నాక ఆ బావి అడుగంటింది. నీళ్లు పోయాక జీవాలు వచ్చాయి. రాతికట్టు సందుల్లో గోరువంకలు, పావురాలు గూళ్లు పెట్టుకున్నాయి. ఒక ఉడుము మెట్ల మీద ఎండ కాచుకునేది. గోడలో మొలిచిన మేడిచెట్టు కాయలకు గబ్బిలాలు చేరేవి. పైనుంచి వంగిన తుమ్మకొమ్మకు గిజిగాళ్ల గూళ్లు వేలాడేవి. రాయి ఊడిపోయిన ఒక తొర్రలో గుడ్లగూబల జంట గుడ్లు పొదిగి రెండు పిల్లల్ని చేసింది.

ఆ గూబల మూలంగానే బావికి ముప్పు వచ్చింది. ఒక ఎండాకాలం నేను పోయేసరికి చిన్నాయన మట్టి తోలడానికి ట్రాక్టరు మాట్లాడి ఉన్నాడు. పూడ్చెయ్యమని పట్టుబట్టింది చిన్నమ్మ. మా అవ్వ పోయిన రాత్రి గూబ అరిచిందట.

నాకు కోపం ఆగలేదు. పర్యావరణ సభల్లో నేను చేసే వాదమంతా వంటింటి గడప దగ్గర చేశాను. ఏడాది పొడుగునా అరిచే పిట్ట ఒక్క రాత్రి అరుపుకే హంతకురాలు ఎలా అవుతుంది, మిగతా రాత్రులు ఎవరూ పోలేదు కదా అని నిలదీశాను.

"ఆ దినాల్లో ఇంకో ఊర్లో ఎవరో పోయింటారులేప్పా" అంది చిన్నమ్మ చింతపండు పిసుకుతూ.

ట్రాక్టరు మర్నాడు వస్తుంది. గూబ పిల్లలను తీసి వేరేచోట పెట్టగలనేమోనని, అది రాకముందే పొద్దున్నే బావిలోకి దిగాను. తొర్ర అందలేదు. దాని కింద మెట్టు నిండా బూడిదరంగు ఉండలు పడి ఉన్నాయి. గూబ ఎలుకను మింగి, అరగని బొచ్చును, ఎముకలను అలా ఉండగా కక్కేస్తుంది. వాటిని తువ్వాలలో మూటగట్టి ఇంటికి తెచ్చాను.

అది విత్తనకాయలు ఒలిచే కాలం. మిషనుకు వేస్తే పప్పు పగులుతుందని మా వైపు వేరుశనగ విత్తనాన్ని చేత్తోనే ఒలుస్తారు. వసారాలో చిన్నమ్మ, ఇరుగుపొరుగు ఆడవాళ్లు కాయల కుప్ప చుట్టూ కూర్చుని, సగం కాయలు ఎలుకలు కొరికిన డొల్లలేనని తిట్టుకుంటున్నారు. తువ్వాల విప్పి ఉండలు వాళ్ల ముందు పోశాను.

కాయలు ఒలిచే వేళ్లు ఊరుకోవు. ఒకామె అలవాటుగా ఒక ఉండను చిదిమింది. బొచ్చులోంచి ఎలుక పుర్రె, పసుపుపచ్చ పళ్లతో సహా ఒళ్లో పడింది. పక్కామె ఇంకోటి చిదిమింది. కాసేపటికి అందరూ కాయలు మానేసి అవే ఒలుస్తున్నారు. ఒకే ఉండలో రెండు పుర్రెలు వస్తే కవల కాయ అని నవ్వులు. చిన్నమ్మ మాత్రం నవ్వలేదు. చేటలో చేరిన పుర్రెలను, పక్కనున్న డొల్లలను మార్చి మార్చి చూసింది.

"గూబ అరిస్తే సావు తప్పదంటారు గదా" అంది చివరికి. "నిజమే. ఎలకలకి."

తర్వాత చిన్నాయనను కేకేసింది. మట్టి బావికి వద్దని, కొట్టం ముందర వానకు గుంతలు పడుతున్నాయి కాబట్టి అక్కడ పోయించమని చెప్పింది.

మునిమాపున గూబ అరిస్తే ఇప్పటికీ చిన్నమ్మ చెంపలు వేసుకుంటుంది. నేను చూడనట్టు ఊరుకుంటాను. ఆ ఏడు విత్తనం వేసేనాటికి గూబ పిల్లలు రెండూ బావిలోంచి బయటికి ఎగిరాయి. గొర్రు వెనక విత్తనం వేస్తూ చిన్నమ్మ, బోరు స్టార్టరు డబ్బా మీద కునుకుతున్న వాటిని చూసి, పగలంతా నిద్రేనా, పోయి పని చూసుకోండని కసిరింది.