ముసుగు వెనక ఆమె

ఆ డిటెక్టివ్ నవలను నేను మళ్లీ తెరవలేదు.

ఆరోజు మెదక్ బస్టాండులో కూర్చుని దాని చివరి పేజీలు చదువుతున్నాను. పక్కనే బత్తాయిల సంచి ఒళ్లో పెట్టుకున్న ఒక నడివయసు ఆమె, కథేమిటని అడిగింది.

"ముఠా నాయకుణ్ణి పుస్తకమంతా 'వాడు' అనే రాశారమ్మా. చివర్లో ముసుగు తీస్తే ఆడమనిషి."

"ఎవ్వలకు అనుమానం రాలేదా?"

"రాలేదు."

"రాదు బిడ్డా." సంచి మూతి ముడివేసి, విప్పి, మళ్లీ వేసింది. "మా మరిది తాగిన కల్లుల ఇషం ఉన్నదని తేలినప్పుడు గూడ రాలె. ఆడిది గింత పని జేస్తదా అనుకున్నరు. పోలీసులు నా దిక్కు సూడనన్న సూడలే. మా ఆయన్ను పట్కపోయిండ్రు. ఆయన గూడ నేనే జేసిన అని ఒప్పుకున్నడు."

పుస్తకం మూశాను. అంతలో సంగారెడ్డి బస్సు వచ్చింది.

"జైల్ల ఇయ్యాల ములాఖత్ ఉన్నది," అంటూ లేచి బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చున్నాక నన్ను పిలిచింది.

"గామె ఆఖర్కు ఒప్పుకున్నదా బిడ్డా?"

"ఒప్పుకుందమ్మా."

వాన లేదు. అయినా ఆమె కిటికీ అద్దం మూసేసింది.